మిర్చి కంపెనీ మా సంఘాన్ని అడుగుతోంది: కూలికి ఒప్పుకోవాలా, వాటా అడగాలా?

నర్సంపేట అక్క: మా పొదుపు సంఘంలో పది మందిమి. ఒక మసాలా కంపెనీ వాళ్లు చపాటా మిర్చికి తొడిమలు తీసి, తాలు ఏరి, గ్రేడు చేసి ఇవ్వమంటున్నారు. కిలోకు ఇంతని కూలి. సరుకు వాళ్లది, షెడ్డు మాది. చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ, 2025లో జీఐ (ఆ ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది కాబట్టి గిరాకీ ఉంటుందంటున్నారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మా పిల్లలకూ పని దొరుకుతుందని ఆశ. ఇలాంటి ఒప్పందం చేసినవాళ్లు చెప్పండి.

ఎనుమాముల గేటు: అక్కా, తూకం ఎప్పుడు వేస్తారో ముందు అడుగు. తొడిమ, తాలు పోయాక వేస్తే బరువు తగ్గుతుంది, మీ కూలీ తగ్గుతుంది. మా అమ్మ చాలా ఏళ్లు ఇదే పని చేసింది. సాయంత్రానికి చేతులు భగ్గున మండేవి. కొబ్బరినూనె రాసుకుని కూర్చునేది, తమ్ముడు ఏడుస్తున్నా ఎత్తుకునేది కాదు. గ్లౌజులు, మాస్కులు ఎవరు కొనాలో కాగితం మీద రాయించండి. పిల్లలకు తూకం, లాట్ల రిజిస్టర్ అప్పజెప్పండి. లెక్క మన చేతిలో ఉంటే సగం టెన్షన్ పోతుంది.

కొత్తవాడ మగ్గం: మా జంపఖానాలకు 2018లోనే జీఐ వచ్చింది. పేరొచ్చింది, కూలి మాత్రం దానంతట అది పెరగదు. మగ్గం మీద మగాయన కూర్చుంటాడు, కండెలు చుట్టేది ఇంట్లో ఆడవాళ్లు. కూలి మాత్రం నేసినదానికే. మొన్నామధ్య హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ కండెల పనికి వేరే రేటు కట్టి, డబ్బులు ఆడవాళ్ల ఖాతాలోనే వేస్తానంది. మా వీధిలో మొదట నవ్వారు. ఇప్పుడు ఆమె ఆర్డరంటే ఇంటావిడే ముందు ఒప్పుకుంటోంది.

ఐకేపీ వదిన: మేం మహిళా సంఘం తరఫున వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతాం. తేమ 17 శాతం దాటితే రైతులతో గొడవ మాదే, టార్పాలిన్లు మోసేదీ మేమే. అయినా క్వింటాలుకు ఇంతని కమీషన్ సంఘం ఖాతాలో పడుతుంది. దానితో అప్పుకు పోకుండా ఇంకో పని మొదలుపెట్టొచ్చు. ఉత్త కూలికి ఒప్పుకుంటే సీజన్ అయిపోగానే ఖాళీ చేతులు. కిలో కూలితో పాటు సంఘానికి కమీషన్ అడగండి.

పరకాల పిలగాడు: వాటా, కమీషన్ అంటున్నారు, సరుకులో వాటా తీసుకున్నాక ధర పడితే కోల్డ్ స్టోరేజీ అద్దె ఎవరు కడతారు? మొదటి సీజన్ కూలికే చేయండి, పని పట్టుబడ్డాక కారం ఆడించి సొంతంగా అమ్మండి. చిన్న ఆహార యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు ఉంది. ఇంకా దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా ఆఫీసులో కనుక్కోండి.

గీసుగొండ: బండి సంగతి మర్చిపోయారు. మా దగ్గర టెక్స్‌టైల్ పార్కు పనికి ఆడపిల్లలు వెళ్లాలంటే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న జీతం కాదు, రాత్రి ఎట్లొస్తావని. షెడ్డు ఊరి బయట ఉంటే ఆటో ఖర్చు కంపెనీ మీదే వేయండి.

నర్సంపేట అక్క: షెడ్డు ఊరి బయటే అన్నా, బాగా గుర్తు చేశావు. తొడిమ తీయకముందే తూకం, సంఘానికి కమీషన్, ఆటో: ఈ మూడూ రాసిస్తేనే సంతకం అని శుక్రవారం మీటింగులో పెడతా. వదినా, మీ కమీషన్ కాగితం ఎట్లుంటదో ఒక ఫొటో పెడతావా?