కోల్డ్ స్టోరేజ్ అలారం డ్రైవర్: ఇంటరప్ట్‌లో "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" వస్తోంది, లాక్ ఎక్కడ పెట్టాలి?

గాజువాక_బోర్డులు:

అందరికీ నమస్కారం. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజ్ ఒకదానికి అలారం ప్యానెల్ చేస్తున్నాం. గది మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. మైనస్ 15 దాటి పైకొస్తే సైరన్ మోగాలి, మళ్లీ మైనస్ 17కి దిగాక ఆగాలి.

రెండు కోర్ల 32 బిట్ ఆర్మ్ బోర్డు, లినక్స్ 6.1. ఉష్ణోగ్రత సెన్సర్ ఎల్ఎం75బి, ఐ2సి (రెండు వైర్ల సీరియల్ బస్) 100 కిలోహెర్ట్జ్, అడ్రస్ హెక్స్ 48. సెన్సర్ గది లోపల, బోర్డు బయట ప్యానెల్‌లో, మధ్యలో 4 మీటర్ల కేబుల్. సెన్సర్ అలారం ఇచ్చే ఓఎస్ పిన్ బోర్డు జీపీఐఓకి (మామూలు ఇన్‌పుట్/అవుట్‌పుట్ పిన్) వస్తుంది, 3.3 వోల్టులకి 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ (లైన్‌ని పైకి లాగి ఉంచే రెసిస్టర్) ఉంది. ఐ2సి డేటా, క్లాక్ లైన్లు ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్‌కీ అవే 10 కిలో ఓమ్‌లు. సైరన్ రిలే ఇంకో జీపీఐఓ మీద.

డ్రైవర్ మేమే రాశాం. ఓఎస్ పిన్‌కి లెవెల్-లో ఇంటరప్ట్ (పిన్ కింద ఉన్నంతసేపూ వచ్చేది), మామూలు రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ. హ్యాండ్లర్‌లో స్పిన్_లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్) తీసుకుని, ఐ2సిలో ఉష్ణోగ్రత చదివి, స్ట్రక్చర్‌లో రాసి, సైరన్ వేసి, లాక్ వదులుతున్నాం. విలువలు బయటికి ఫైల్‌లా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్ షో ఫంక్షన్ కూడా అదే స్పిన్_లాక్ పట్టుకుని స్ట్రక్చర్ కాపీ చేసుకుంటుంది.

ఇబ్బందులు మూడు. అలారం రాగానే లాగ్‌లో "బగ్: షెడ్యూలింగ్ వైల్ అటామిక్" పడుతోంది, ఒక్కోసారి బోర్డు పూర్తిగా బిగుసుకుపోతోంది. చదవడాన్ని వర్క్‌క్యూకి (పనిని తర్వాత కెర్నెల్ థ్రెడ్‌లో నడిపేది) మారిస్తే ఆ లాగ్ పోయింది గానీ, అలారం ఉన్నంతసేపూ బోర్డు నత్తనడక, /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో కౌంట్ సెకనుకి వేలల్లో పెరుగుతోంది. మూడోది, బెంచి మీద 31 డిగ్రీలు సరిగ్గానే చూపిస్తుంది, గదిలో పెడితే 238 అంటోంది.

అలారం ఆలస్యం కాకూడదని హ్యాండ్లర్‌లోనే చదువుతున్నాం. లాక్ ఎలా పెడితే ఇది కుదురుతుంది?

---

సింహాచలం_కెర్నెల్:

గురూగారూ, ఎలాంటి లాక్ పెట్టినా హార్డ్ ఇంటరప్ట్‌లో ఐ2సి చదవడం కుదరదు. ముందు ఆ ఆలోచన వదిలేయాలి.

ఒక రిజిస్టర్ చదవాలంటే బస్ మీద 5 బైట్లు నడవాలి: అడ్రస్, పాయింటర్, మళ్లీ అడ్రస్, డేటా 2 బైట్లు. బైటుకి 9 బిట్లు కాబట్టి 45 బిట్లు, స్టార్ట్ స్టాప్‌లతో కలిపి 100 కిలోహెర్ట్జ్‌లో దాదాపు అర మిల్లీసెకన్. అంతసేపు సీపీయూని ఖాళీగా తిప్పడం ఇష్టంలేక కంట్రోలర్ డ్రైవర్ బదిలీ పూర్తయ్యే ఇంటరప్ట్ కోసం నిద్రలోకి వెళ్తుంది. అంతకుముందే ఐ2సి కోర్ బస్ కోసం తన సొంత లాక్ తీసుకుంటుంది, అదీ నిద్రపోయే లాకే. మీరేమో స్పిన్‌లాక్ చేతిలో ఉండగా, పైగా ఇంటరప్ట్ సందర్భంలో, నిద్రపోయే ఫంక్షన్‌ని పిలుస్తున్నారు. లాగ్ చెప్పేది అదే. స్పిన్‌లాక్ బదులు మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయి ఆగే లాక్) పెట్టినా హార్డ్ ఇంటరప్ట్‌లో అదీ నిషిద్ధమే.

బోర్డు బిగుసుకుపోవడం వేరే జబ్బు. షో ఫంక్షన్ సీపీయూ 0 మీద స్పిన్_లాక్ పట్టుకుని ఉందనుకోండి, సరిగ్గా అప్పుడే అదే సీపీయూ మీద మీ ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది. లాక్ వదలాల్సిన షో ఫంక్షన్ దాని కింద ఆగిపోయి ఉంది, హ్యాండ్లర్ తిరిగొస్తేగానీ కదలదు. హార్డ్ ఇంటరప్ట్ తాకే డేటాని ప్రాసెస్ వైపు నుంచి ముట్టుకునేటప్పుడు స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ (ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆపి లాక్ తీసుకునేది) వాడాలని చెప్పేది ఇందుకే. అలాగని దాని లోపల ఐ2సి పెట్టకండి. ఇంటరప్ట్‌లు ఆపి ఉన్నంతసేపూ ఆ కోర్ మీద మిగతావన్నీ ఆగుతాయి. 115200 వేగంలో సీరియల్ పోర్టుకి 87 మైక్రోసెకన్లకో బైట్ వస్తుంది, 16 బైట్ల ఫీఫో బఫర్ 1.4 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. మూడు రిజిస్టర్లు వరసగా చదివారంటే సీరియల్ డేటా పోయినట్టే.

ఇలా చేయండి. రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూ తీసుకోండి, ప్రైమరీ హ్యాండ్లర్ స్థానంలో నల్, ఫ్లాగ్‌లో ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్ (థ్రెడ్ ముగిసేదాకా ఇంటరప్ట్‌ని మూసి ఉంచేది). ఈ ఫ్లాగ్ మరిచిపోతే కెర్నెల్ సాధారణంగా మైనస్ ఈఇన్‌వాల్ (చెల్లని విలువ అనే తప్పు కోడ్) ఇచ్చి తిప్పి పంపుతుంది. మీ పనంతా ఫీఫో అనే రియల్‌టైమ్ షెడ్యూలింగ్‌లో ప్రాధాన్యం 50తో నడిచే కెర్నెల్ థ్రెడ్‌లో జరుగుతుంది, అక్కడ నిద్రపోవచ్చు. ఇక హార్డ్ ఇంటరప్ట్ ఏదీ స్ట్రక్చర్‌ని తాకడం లేదు కాబట్టి స్పిన్‌లాకే అక్కర్లేదు, మ్యూటెక్స్ చాలు. థ్రెడ్‌లో ముందు ఐ2సి చదివి లోకల్ వేరియబుల్‌లో పెట్టుకోండి, ఆ తర్వాత మ్యూటెక్స్ పట్టుకుని స్ట్రక్చర్‌లో రాసి వెంటనే వదిలేయండి. క్రిటికల్ సెక్షన్ అంటే ఆ నాలుగు లైన్లే. హద్దులు మార్చే స్టోర్ ఫంక్షన్‌లో మాత్రం రెండు రిజిస్టర్లూ ఒక జతగా పడాలి కాబట్టి మ్యూటెక్స్ లోపలే ఐ2సి చేసుకోవచ్చు. అక్కడ వరుస ఎప్పుడూ మీ మ్యూటెక్స్ ముందు, బస్ లాక్ తర్వాత.

ఆలస్యం గురించి బెంగ వద్దు. ఎల్ఎం75బి 100 మిల్లీసెకన్లకోసారి కొలుస్తుంది. ఫాల్ట్ క్యూ 4 పెడితే వరసగా 4 కొలతలు హద్దు దాటాకే పిన్ కదులుతుంది, అంటే 400 మిల్లీసెకన్లు సెన్సర్‌లోనే పోతాయి. గది వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. థ్రెడ్ లేవడానికి పట్టే మైక్రోసెకన్లు ఈ లెక్కలో ఎక్కడా కనబడవు.

ఇక ఇంటరప్ట్ వరద. ఎల్ఎం75 పవర్ రాగానే కంపారేటర్ మోడ్‌లో ఉంటుంది, గది మళ్లీ చల్లబడేదాకా ఓఎస్ పిన్ అలాగే ఉండిపోతుంది. లెవెల్ ఇంటరప్ట్ అయితే హ్యాండ్లర్ ముగిసిన మరుక్షణం మళ్లీ వస్తుంది. మీరు ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్ తిప్పి ఇస్తున్నారు కాబట్టి "నోబడీ కేర్డ్" అని కెర్నెల్ దాన్ని ఆపదు కూడా. ఆ కాపలా, 1,00,000 ఇంటరప్ట్‌లలో 99,900 కన్నా ఎక్కువ ఎవరూ తీసుకోకపోతేనే పనిచేస్తుంది. వన్‌షాట్ పెట్టినా లెవెల్ అయితే వరద కాస్త నెమ్మదిస్తుందంతే, థ్రెడ్ ఆగకుండా బస్ చదువుతూ కూర్చుంటుంది.

ఇంటరప్ట్ మోడ్‌కి మారిస్తే చదవగానే పిన్ వదిలేస్తుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఏ రిజిస్టర్ ఎవరు చదివినా వదిలేస్తుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఎవరో ఉష్ణోగ్రత చూసుకున్నా మీ అలారం అక్కడితో మాయం. నా ఓటు కంపారేటర్ మోడ్, రైజింగ్ ఫాలింగ్ రెండు ఎడ్జ్‌లూ (పిన్ పైకి, కిందికి మారే క్షణాల్లోనే ఇంటరప్ట్). థ్రెడ్‌లో వచ్చిన ఎడ్జ్ ఏదని ఊహించుకోకుండా జీపీఐఓ స్థితినీ ఉష్ణోగ్రతనీ రెండూ చదవండి. ఇంటరప్ట్ పెట్టిన వెంటనే ఒకసారి చేత్తో చదవాలి, అప్పటికే అలారం ఉంటే ఎడ్జ్ రాదు. దీనికి తోడు 5 సెకన్లకో డిలేడ్ వర్క్ (కాసేపాగి వర్క్‌క్యూలో నడిచే పని) అదే పని చేస్తూ ఉండాలి.

238 సంగతి చిన్నదే. మైనస్ 18కి రిజిస్టర్ పై బైట్ 256లోంచి 18 తీస్తే వచ్చే 238. మీరు దాన్ని యూ16లో (మైనస్ గుర్తు లేని 16 బిట్) పెట్టారు. గుర్తు ఉన్న ఎస్16లోకి మార్చి, 128తో భాగించి, 500తో గుణిస్తే మైనస్ 18000 మిల్లీడిగ్రీలు వస్తాయి. మార్చే ముందు తప్పు కోడ్ తప్పకుండా చూడండి. ఐ2సి విఫలమైతే వచ్చే మైనస్ 6, మైనస్ 110, మైనస్ 121 లాంటివి ఎస్16లో పడి 128తో భాగిస్తే సున్నా అవుతాయి. సెన్సర్ ఊడిపోయినా తెర మీద నిజమైన కొలతలాగే 0 డిగ్రీలు కనిపిస్తుంది. చదవడం విఫలమైతే అదీ అలారమే అనుకోండి.

---

ఆటోనగర్_ప్యానెల్స్:

కెర్నెల్ సంగతి పైవారు చెప్పేశారు. నాకు వైరింగే ఎక్కువ భయంగా ఉంది.

ఓఎస్ పిన్ ఓపెన్-డ్రెయిన్ (లైన్‌ని కిందికి లాగగలదు గానీ పైకి నెట్టలేదు), మీరు యాక్టివ్-లోగా, అంటే అలారం వస్తే లైన్ కిందికి పోయేలా వాడుతున్నారు. ఆ 4 మీటర్లలో ఎక్కడ వైరు తెగినా పుల్-అప్ లైన్‌ని పైకి లాగుతుంది, బోర్డుకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సెన్సర్‌కి పవర్ పోయినా అంతే. మన తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చబడటం మామూలే, గది గోడ దాటే చోట మంచు కరిగి నీరు దిగుతుంది కూడా. వైరు తెగితే నోరుమూసుకునే అలారం పెట్టకూడదు.

కాన్ఫిగ్ రిజిస్టర్‌లో ఓఎస్ పోలారిటీ బిట్‌ని 1 చేయండి. అప్పుడు మామూలు స్థితిలో సెన్సర్ లైన్‌ని కిందికి పట్టుకుని ఉంటుంది, అలారం వస్తే వదిలేస్తుంది. వైరు తెగినా, పవర్ పోయినా, లైన్ పైకి లేచి సైరన్ మోగుతుంది. ఇంకో లాభం: కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు వోల్టేజ్ కుంగి సెన్సర్ రీసెట్ అయితే అది డిఫాల్ట్‌కి పోతుంది, అంటే హద్దు 80, హిస్టరిసిస్ (అలారం ఆగే ఉష్ణోగ్రత) 75, యాక్టివ్-లో. అప్పుడూ లైన్ పైనే ఉంటుంది కాబట్టి మీకు తెలిసిపోతుంది. ఆ 5 సెకన్ల వర్క్‌లో కాన్ఫిగ్ రిజిస్టర్ కూడా చదివి, మారి ఉంటే మళ్లీ రాయండి. ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్) మాత్రం వరుస తప్పకూడదు: ముందు హద్దులు, పోలారిటీ రాసి, 200 మిల్లీసెకన్లు ఆగి, ఆ తర్వాతే ఇంటరప్ట్ అడగాలి.

ఐ2సికి 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ ఇంత కేబుల్‌కి మరీ ఎక్కువ, లైన్‌ని పైకి లాగే బలం చాలదు. కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకి 100 పికోఫారాడ్ వేసుకున్నా 400 అవుతుంది, ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం అదే. 10 కిలో ఓమ్‌లతో లైన్ లేవడానికి 3.4 మైక్రోసెకన్లు పడుతుంది, 100 కిలోహెర్ట్జ్‌లో 1 మైక్రోసెకన్ దాటకూడదు. 2.2 కిలో ఓమ్‌లు పెడితే 0.75కి వస్తుంది. కరెంట్ 1.5 మిల్లీయాంపులే, సెన్సర్ తట్టుకుంటుంది.

ఓఎస్ లైన్‌కి బోర్డు చివర 1 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో, ఆ తర్వాత 100 నానోఫారాడ్ కెపాసిటర్ గ్రౌండ్‌కి. కాంటాక్టర్ (కంప్రెసర్‌ని ఆన్ చేసే పెద్ద స్విచ్) పడినప్పుడు వచ్చే వోల్టేజ్ మెరుపు అక్కడే చస్తుంది. కాంటాక్టర్ కాయిల్‌కి స్నబర్ (ఆ మెరుపుని అణిచే సర్క్యూట్) లేకపోతే అదీ పెట్టించండి. సెన్సర్ బోర్డుకి తేమ తగలకుండా కన్ఫార్మల్ కోటింగ్ రెండు పూతలు, కనెక్టర్ మీద పడకుండా.

---

గాజువాక_బోర్డులు:

ఇద్దరికీ చాలా థాంక్స్ సార్. థ్రెడెడ్ ఇంటరప్ట్, రెండు ఎడ్జ్‌లు, పోలారిటీ అన్నీ మార్చాం, వరద పోయింది, మైనస్ కూడా సరిగ్గా వస్తోంది. రెండు సందేహాలు మిగిలాయి. ఆర్‌ఎంమాడ్ చేసి డ్రైవర్‌ని తీసేసినప్పుడు అప్పుడప్పుడు ఊప్స్ (కెర్నెల్ తప్పు సందేశం) వస్తోంది, డిలేడ్ వర్క్ ఫంక్షన్ పేరు కనిపిస్తోంది. ఇంటరప్ట్ డెవ్ఎం_తో (డ్రైవర్ పోయాక కెర్నెలే వదిలేసే రకం) తీసుకున్నాం, డ్రైవర్ తీసేటప్పుడు నడిచే రిమూవ్‌లో క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్ కూడా ఉంది. ఇంకొకటి, ముందుముందు ప్రీఎంప్ట్_ఆర్‌టీ (రియల్‌టైమ్) కెర్నెల్‌కి వెళ్తే ఈ లాకులు మళ్లీ మార్చాలా?

---

మధురవాడ_ఆర్‌టీ:

ఊప్స్‌కి కారణం విప్పే వరుస. డెవ్ఎం_తో తీసుకున్న ఇంటరప్ట్ మీ రిమూవ్ ఫంక్షన్ ముగిసిన తర్వాతే వదులుతుంది. మీరు రిమూవ్‌లో వర్క్‌ని రద్దు చేశారు, ఆ సందులో ఓ ఎడ్జ్ వచ్చింది, థ్రెడ్ మళ్లీ వర్క్‌ని క్యూలో పెట్టింది, ఆ తర్వాత మెమొరీ పోయింది. ప్రోబ్‌లో డెవ్ఎం_డిలేడ్_వర్క్_ఆటోక్యాన్సిల్ ముందు, డెవ్ఎం_రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూ తర్వాత రాయండి. విప్పేటప్పుడు తలకిందులుగా, ఇంటరప్ట్ ముందు పోయి వర్క్ తర్వాత రద్దవుతుంది. రిమూవ్‌లో మీరు రాసింది తీసేయండి. వర్క్ తనని తాను మళ్లీ క్యూలో పెట్టుకున్నా ఫర్వాలేదు, సింక్ రద్దు దాన్ని చూసుకుంటుంది. వర్క్ తీసుకునే మ్యూటెక్స్‌ని పట్టుకుని సింక్ రద్దు పిలిస్తే మాత్రం రెండూ ఒకదానికోసం ఒకటి ఆగిపోతాయి. హ్యాండ్లర్ లోపల నుంచి డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలవడం కూడా అలాంటిదే, అక్కడ నోసింక్ రకమే వాడాలి.

ఆర్‌టీలో మామూలు స్పిన్‌లాక్ కూడా నిద్రపోయే లాక్ అయిపోతుంది, హ్యాండ్లర్లు దాదాపు అన్నీ థ్రెడ్‌లవుతాయి. మీరు ఇప్పుడు మ్యూటెక్స్, థ్రెడ్ మీదే ఉన్నారు కాబట్టి మీ డ్రైవర్‌లో మార్చాల్సింది లేదు. ఇంటరప్ట్‌లు చేత్తో ఆపి ఆ తర్వాత స్పిన్_లాక్ తీసుకునే పాత అలవాటు ఎక్కడైనా ఉంటే అది విరుగుతుంది. జీపీఐఓ కంట్రోలర్ డ్రైవర్ మీ సొంతదైతే దాని ఇంటరప్ట్ మాస్క్ చేసే చోట రా_స్పిన్‌లాక్ (ఆర్‌టీలోనూ నిద్రపోని లాక్) ఉందో లేదో చూడండి. ఆర్‌టీ 6.12లో అసలు కెర్నెల్‌లో కలిసింది గానీ అది ఎక్స్86, 64 బిట్ ఆర్మ్, రిస్క్-5లకే. మీ 32 బిట్ బోర్డుకి ఆ వెర్షన్‌లో విడి ప్యాచ్ కావాలి.

బోర్డు సైట్‌కి పంపేముందు కెర్నెల్‌ని డీబగ్_అటామిక్_స్లీప్, ప్రూవ్_లాకింగ్ రెండూ ఆన్ చేసి ఒకసారి కట్టి నడపండి. మొదటిది నిద్రపోయే ఫంక్షన్‌ని తప్పు చోట పిలిస్తే, ఆ క్షణంలో నిజంగా నిద్రపోకపోయినా పట్టుకుంటుంది. రెండోది లాకుల వరుస తారుమారైతే డెడ్‌లాక్ జరగకముందే చెబుతుంది. నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి బెంచికే, సైట్‌కి కాదు.

పరీక్షకి గదిదాకా వెళ్లక్కర్లేదు. దంచిన ఐస్ మూడు వంతులు, ఉప్పు ఒక వంతు కలిపి, సెన్సర్‌ని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి అందులో పెట్టండి, మైనస్ 17 కిందికి దిగుతుంది. సైరన్ ఆగాక బయటికి తీస్తే మైనస్ 15 దగ్గర మళ్లీ మోగాలి. మళ్లీ ముంచి, సైరన్ ఆగాక ఓఎస్ వైరు పీకండి, మోగాలి. అది పెట్టేసి ఎస్‌డీఏ పీకండి, 5 సెకన్ల లోపు మోగాలి. ఎస్‌డీఏ పీకినప్పుడు మోగకపోతే చదవడం విఫలమైనా దాన్ని అలారంగా తీసుకోవడం లేదని అర్థం. తెర మీద 0 డిగ్రీలు కనిపిస్తే తప్పు కోడ్ ఇంకా ఎక్కడో ఎస్16లో పడుతోందన్నమాట, షో ఫంక్షన్ కూడా చూడండి.