గొడవ చేసింది ప్లిమ్‌సోల్ సరే, నావికులను కాపాడింది ఎవరు?

ఓడరేవు_రాజు: 1875 జూలై 22. ఓడల భద్రత బిల్లును పక్కన పెడుతున్నామని బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ చెప్పగానే, డెర్బీ ఎంపీ శామ్యూల్ ప్లిమ్‌సోల్ కామన్స్ సభలో రెచ్చిపోయాడు. ఓడల యజమాని కూడా అయిన తోటి ఎంపీ ఎడ్వర్డ్ బేట్స్ పేరెత్తి, నావికులను చావుకు పంపే దుర్మార్గుల గుట్టు విప్పుతానన్నాడు. మాట వెనక్కి తీసుకోమంటే కుదరదన్నాడు. వారం తర్వాత సభకు క్షమాపణ చెప్పాడు! నా దృష్టిలో ఇదంతా హడావిడే. 1876 చట్టం ఓడ పక్కన లోడ్ లైన్ (సరుకు నింపితే ఓడ ఎంతదాకా మునగొచ్చో చూపే గీత) వేయమంది గానీ, ఎంత ఎత్తులో వేయాలో యజమాని ఇష్టానికే వదిలేసింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. ఆ లోపం సరిదిద్దడానికి 1890 దాకా ఆగాల్సి వచ్చింది.

పాత_కాగితాలు: రాజు గారూ, మర్యాదగా అడిగినవాళ్లకు ఏం ఒరిగింది చెప్పండి? ఇంగ్లండ్‌లోని టైన్ నది తీరంలో జేమ్స్ హాల్ అనే ఓడ యజమాని ప్లిమ్‌సోల్ కంటే ముందే లోడ్ లైన్ కావాలన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1873లో రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) వేశారు. అన్ని ఓడలకూ ఒకే నియమం కుదరదని అది తేల్చేసింది. ఈలోపు పరిస్థితి ఏంటంటే, ఓడ విలువకు మించి బీమా చేయించుకోవచ్చు, మునిగినా యజమానికి లాభమే. ఒప్పందం మీద సంతకం పెట్టిన నావికుడు ఓడ చూసి భయపడి ఎక్కనంటే మాత్రం జైలు. ఇంత జరుగుతుంటే ప్లిమ్‌సోల్ అరవక ఏం చేస్తాడండీ? అరిచాకే ఊరూరా సభలు జరిగాయి, ఆగస్టులోనే తాత్కాలిక చట్టం వచ్చింది.

డెక్_క్యాడెట్: నేను రోజూ చూసే గుర్తు ఆ లోడ్ లైన్. 300 మిల్లీమీటర్ల వృత్తం, మధ్యలో 450 మిల్లీమీటర్ల అడ్డగీత. పక్కనే మంచినీటికో గీత, ఉష్ణమండలానికో గీత, శీతాకాలానికో గీత. నదిలో మంచినీటి గీత దాకా మునిగిన ఓడ సముద్రంలోకి రాగానే కాస్త పైకి తేలుతుంది. కాబట్టి కమిషన్ అన్నదాంట్లో కొంత నిజముంది, ఒక్క గీతతో పని జరగదు. కానీ దాన్ని సాకుగా తీసుకుని అసలు గీతే వద్దనడం ఏం న్యాయం?

ఓడరేవు_రాజు: బేట్స్ సంగతో? కోర్టు లేదు, విచారణ లేదు, సభలో నోటికొచ్చినట్టు అనేస్తే సరిపోతుందా?

పాత_కాగితాలు: ఆ బేట్స్‌కే 1880లో బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు దక్కింది లెండి, పెద్దగా నష్టపోలేదు.

డెక్_క్యాడెట్: 1906 సంగతి ఎవరూ ఎత్తరేం? విదేశీ ఓడలకూ లోడ్ లైన్ వర్తింపజేసిన అప్పటి వాణిజ్య మంత్రి లాయిడ్ జార్జ్, అదే ఏడాది బ్రిటిష్ ఓడలు ఇంకాస్త లోతుగా నింపుకోవడానికి ఒప్పుకున్నాడు. అప్పటికి ప్లిమ్‌సోల్ చనిపోయి ఎనిమిదేళ్లు. ఆయనే ఉంటే మళ్లీ గొడవ చేసేవాడంటారా, రాజు గారూ?