చిలగడదుంప తీగ మీది బంగారు తాబేలు పురుగులను ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, మేడ మీద కుండీల్లో చిలగడదుంప తీగ పాకించాం. దాని ఆకుల మీద ఈమధ్య బంగారు రేకులా తళతళలాడే పురుగులు చేరాయి, పక్కలకి గాజుముక్కలాంటి పారదర్శకమైన అంచు, వేలు పెడితే కాళ్లన్నీ లోపలికి లాక్కుని ఆకుకి అతుక్కుపోతాయి. తాబేలు పురుగులని తెలుసుకున్నా. చచ్చిన దాన్ని చూస్తే ఆ మెరుపంతా పోయి వట్టి గోధుమరంగు, ఎందుకంటే అది రంగు కాదట, పెంకులో తడితో ఉన్న పొరల మీద వెలుగు ఆడే ఆట.

ఆకులకి మాత్రం గుండ్రటి చిల్లులు. అడుగున ముళ్ల ముళ్లగా పిల్ల పురుగులు, విడిచిన చర్మం, రెట్ట అంతా తోక మీద మోస్తూ గొడుగులా వీపు మీదికి వంచుకుంటున్నాయి.

మందు కొట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదండీ, ఆ ఆకు మేం కూర వండుకుంటాం కూడా. కాలవ గట్టున ఊదారంగు గరాటు పూల తూటికాడలు బోలెడున్నాయి, అదీ చిలగడదుంప కుటుంబమే కాబట్టి ఏరి అక్కడ వదిలితే బతుకుతాయా? పక్క కుండీలోని కాశీరత్నానికి పాకుతాయా? వంగ, బచ్చలి జోలికి రావు కదా, అదే నా టెన్షన్. దుంప ఊరేదాకా ఇలాగే వదిలేస్తే దిగుబడి బాగా తగ్గుతుందా? పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.