పేరోల్ వెనక్కొచ్చింది, ఈ 72 డాలర్లు ఎక్కడివి?

సుజి: మధ్యాహ్నం నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, తల వాచిపోయింది. అమెరికాలో గవర్నమెంట్ బిల్డింగ్ పని. ఒక లేబరర్‌కి 72 డాలర్లు తక్కువిచ్చారని ప్రైమ్ కాంట్రాక్టర్ (మా పైనున్న మెయిన్ కాంట్రాక్టర్) వాళ్లు సర్టిఫైడ్ పేరోల్, అంటే ఎవరికెంత ఇచ్చామో సంతకం పెట్టి పంపే లెక్క, తిప్పి పంపారు. రేటు కరెక్టే, మూడుసార్లు చూశా. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాతమేస్త్రీ: ఫెడరల్ డబ్బా, రాష్ట్రానిదా? ఎన్ని గంటలు? ఫ్రింజ్ (ఇన్సూరెన్స్, పెన్షన్ లాంటి వాటి కింద గంటకింత అని ఇచ్చేది) ఎంత? పుట్టినరోజు చెప్పకుండా జాతకం అడిగితే ఎలా?

చందు: ముందు ఒకటి తెలుసుకోవాలండీ, ఇలాంటి పనులకి ఇచ్చే 'ప్రివైలింగ్ వేజ్', అంటే ఆ ప్రాంతంలో ఆ పనికి నడిచే రేటు, కనీస వేతనం కాదు. 1927లో అలబామా కాంట్రాక్టరొకడు న్యూయార్క్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టడానికి తన కూలీలను అలబామా నుంచే తెచ్చుకున్నాడు. స్థానికుల పొట్ట కొట్టారని బేకన్ అనే కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టాడు. ఫెడరల్ పనులకి ఆ స్థానిక రేటే ఇవ్వాలని 1931లో డేవిస్-బేకన్ చట్టం అలా వచ్చింది. కాబట్టి ప్రివైలింగ్ వేజ్‌ని తెలుగులో 'న్యాయమైన వేతనం' అనకూడదు, 'వాడుక కూలి' అనాలి.

లక్ష్మి_పద్దులు: 'వాడుక కూలి' అంటే వాడుకుని వదిలేసినట్టుంది :)

సుజి: ఫెడరలే, డేవిస్-బేకన్. ఆ వారం 46 గంటలు. గంటకి బేస్ 30, ఫ్రింజ్ 12, ఫ్రింజ్ కూడా చెక్కులోనే కలిపిస్తాం. 40 గంటలకి 42 చొప్పున 1680, మిగతా 6 ఓవర్‌టైమ్ (ఓటీ) గంటలకి 45 చొప్పున 270. ఒకటిన్నర రెట్లు ఇచ్చాం కదా!

పాతమేస్త్రీ: ఆ 6 గంటల ఫ్రింజ్ ఏది? ఆరు పన్నెండ్లు 72.

లక్ష్మి_పద్దులు: ఒకటిన్నర బేస్ మీదే. ఫ్రింజ్ మాత్రం ఓటీ గంటకీ మామూలుగా పడుతుంది. 45కి 12 కలిపితే 57. నేనొకసారి ఉల్టా చేశా, 42నే ఒకటిన్నర చేసి 63 ఇచ్చేశా. ఎక్కువిస్తే ఎవరూ తిప్పి పంపరు లెండి.

సుజి: అయ్యో, అంతేనా! ఇంకోటి. ఆ అబ్బాయి రెండు రోజులు కాంక్రీట్ ఫారాలు (పోత పోయడానికి కట్టే చెక్క అచ్చులు) కొట్టాడు. కార్పెంటర్ అప్రెంటిస్ (పని నేర్చుకుంటున్నవాడు) అని రాసి రేటు తగ్గించొచ్చా?

పాతమేస్త్రీ: రిజిస్టరైన అప్రెంటిస్ ప్రోగ్రాంలో లేకపోతే కుదరదు. ఆ గంటలకి కార్పెంటర్ ఫుల్ రేటే. కాగితం మీద పేరు కాదు, చేసిన పని చూస్తారు. ఏ పని ఎన్ని గంటలో విడివిడిగా రాసి ఉందా? లేకపోతే అన్ని గంటలకీ పెద్ద రేటే కట్టాలి.

చందు: 'కూలి' అనే మాటలో చిన్నచూపేమీ లేదని నా ఉద్దేశం...

సుజి: టైమ్ షీట్లో అన్నీ కలిపే ఉన్నాయి. సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తట్లేదు. 72 అయితే వేసేశా, థాంక్స్.