ఆర్మీలో రిటైరైన కుక్కను ఇంటికి తెచ్చుకున్న వాళ్లెవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి పక్కన చంద్రగిరి. మా తమ్ముడు ఆర్మీలో డాగ్ హ్యాండ్లర్‌గా చేసి, సంక్రాంతికి ముందు రిటైరై ఇంటికొచ్చాడు. మనిషి వచ్చాడు గానీ మనసు అక్కడే ఉంది. ఐదేళ్లు తనతో ఉన్న ఆడ లాబ్రడార్‌ని వేరే హ్యాండ్లర్‌కి అప్పగించి వచ్చాడు. దానికింకా సర్వీసు ఉంది.

పేలుడు పదార్థాలు వెతికే కుక్క అది. దారిలో ముందు అది, వెనక వీడు. వాసన తగిలితే మొరగకుండా కూర్చుంటుందట. "అది కూర్చున్న చోట మేం ఆగిపోతాం, అందుకే బతికున్నాం అక్కా" అంటాడు. 2023 సెప్టెంబరులో జమ్మూ కశ్మీర్‌లోని రాజౌరీలో కెంట్ అనే లాబ్రడార్ తన హ్యాండ్లర్‌ని కాపాడబోయి తూటాలకు చనిపోయింది. ఆ మాటెత్తితే ఇప్పటికీ వాడికి ముద్ద దిగదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, వెంట నడిచే తోడు లేక వాకిట్లో కూర్చుంటాడు. చూడలేకపోతున్నాను.

అది రిటైరైతే మనమే తెచ్చుకుందాం అన్నాను. దత్తత ఇస్తారని తెలుసు, మీరట్‌లోని ఆర్‌వీసీ (ఆర్మీ జంతువులను చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్) సెంటర్‌కు రాయమంటున్నారు. అలా తెచ్చుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. పాత హ్యాండ్లర్ అడిగితే ముందు చూస్తారా? ఇప్పుడే దరఖాస్తు పెట్టొచ్చా, ఏ కాగితాలు అడిగారు? కశ్మీరు చలిలో పనిచేసిన కుక్క మా మే నెల ఎండను తట్టుకుంటుందా అని ఇంకో టెన్షన్. వెటర్నరీ యూనివర్సిటీ తిరుపతిలోనే ఉంది కాబట్టి వైద్యానికి భయం లేదు.

అన్నిటికన్నా ముందు ఇది చెప్పండి: ఇన్నాళ్లు దూరమయ్యాక అది వీణ్ణి గుర్తుపడుతుందా?