అక్టోబరులో సరిపోయిన పనిదినాల లెక్క నవంబరులో ఎందుకు తప్పింది?

తోటపాలెం కుర్రోడు:
విజయనగరంలో చిన్న ఆఫీసు మాది. ఆదివారాలు, రెండో శనివారం, పండగలు సెలవు. జీతాల కోసం పైథాన్‌లో పనిదినాలు లెక్కపెట్టే ముక్క రాశాను. నమ్‌పై (పైథాన్ లెక్కల లైబ్రరీ)లో పనిదినాలు లెక్కపెట్టే బస్‌డే_కౌంట్ ఫంక్షన్‌కి 2025 అక్టోబరు 1, 31 ఇస్తే 22 అంది. మా గుమాస్తాగారు గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో ఒక్కో గడీ పొడుచుకుంటూ వెళ్లి 23 అన్నారు. చివరి తేదీని అది లెక్కలోకి తీసుకోదని తెలిసి ఒకటి కలిపాను. 23! కాలరెగరేశాను. నవంబరు 1 నుంచి 30కి అదే నడిపితే 21. ఆయన పెన్సిలుకి 24. ఆయన పట్టుకోకపోతే అందరికీ మూడు రోజుల జీతం కోసేసేవాణ్ణి. తప్పెక్కడ?

గంటస్తంభం:
తమ్ముడూ, అక్టోబరులోనూ తప్పే, నీకు కనబడలేదంతే. ఏమీ చెప్పకపోతే అది శని, ఆదివారాలు రెండూ సెలవనుకుంటుంది. పండగలు దానికి తెలీవు. మీరు పనిచేసిన 4, 18, 25 శనివారాలు వదిలేసింది. దసరా 2, మన పైడితల్లమ్మ సిరిమాను పండగ 7, దీపావళి 20 పనిదినాలుగా వేసుకుంది. మూడుకి మూడు చెల్లు. నవంబరులో పండగ లేదు, పనిచేసే శనివారాలు నాలుగు. పైగా 30 ఆదివారం, నువ్వు కలిపిన ఒకటి ఉత్తినే ఎక్కింది. నాలుగు తగ్గి ఒకటి పెరిగింది.

వారంలో ఏ రోజులు పనిదినాలో చెప్పే వీక్‌మాస్క్‌కి ‘1111110’ ఇవ్వు, సోమవారంతో మొదలు, 1 అంటే పని, 0 అంటే సెలవు. ఒకటి కలపడం మానేసి, చివరి తేదీగా తర్వాతి నెల ఒకటో తారీఖు ఇవ్వు. 8 నుంచి 14 లోపు వచ్చేదే రెండో శనివారం, దాన్నీ పండగలతోపాటు హాలిడేస్ జాబితాలో పడేయి. పండగ ఆదివారం వచ్చినా భయం లేదు, రెండుసార్లు తీసెయ్యదు.

కోట జంక్షన్:
ఎక్సెల్‌లో ఇదే పని చేసే నెట్‌వర్క్‌డేస్ ఫార్ములా మాత్రం మొదటి, చివరి తేదీలు రెండూ కలుపుతుంది. అటూ ఇటూ పోల్చేవాళ్లు జాగ్రత్త. సిరిమాను ఏ రెడీమేడ్ సెలవుల జాబితాలోనూ నాకు దొరకలేదు. 2024లో అక్టోబరు 15, 2025లో 7. ఏటా చేత్తో ఎక్కించుకోవాల్సిందే. మా హెడ్డాఫీసు సాఫ్ట్‌వేర్ ఆ రోజు అందరికీ గైర్హాజరు వేస్తుంది, ఏటా అదే మెయిల్ పెడతాం.

తోటపాలెం కుర్రోడు:
మార్చాను అన్నా. 23, 24 వచ్చాయి. గుమాస్తాగారికి చూపిస్తే “డిసెంబరు కూడా తియ్యి” అని పెన్సిలు చెక్కుకున్నారు. ప్రోగ్రాం క్రిస్మస్ తీసేసి 25 రోజులంది. ఆయనింకా పదిహేడో గడి దగ్గరున్నారు.