కుక్కపిల్ల మా పిల్లల పాదాలు వదలడం లేదు, ఏం చేయాలి?

కోటకోడలు, విజయనగరం:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, కోటకు దగ్గరే. అమ్మాయికి ఆరేళ్ళు, అబ్బాయికి ఇంకా మూడు నిండలేదు. మా మరిది నెల్లిమర్ల వైపు ఒక తోటలో పుట్టిన నాటు కుక్కపిల్లను తెచ్చి, పిల్లల చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తెచ్చిన మనిషికి ఒక్క గాటూ లేదు, అది వేరే సంగతి. తెచ్చినప్పుడు దానికి నెల దాటిందో లేదో. ఇప్పుడు రెండున్నర నెలలు. నల్లగా, గుండ్రంగా ఉందని అమ్మాయి మిరియం అని పేరు పెట్టింది. పేరుకు తగ్గ ఘాటే.

పగలంతా మంచం కింద పడుకుంటుంది. సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చాక మొదలవుతుంది రభస. పరికిణీ అంచు పట్టుకుని వేలాడుతుంది. పట్టీల చప్పుడు వింటే చాలు, పాదం మీదికి దూకుతుంది. పిల్ల కెవ్వుమని పరుగెడితే వెనక కుక్క, కుక్క వెనక పిల్లాడు, వాడి వెనక నేను. నిన్న అమ్మాయి మడమ పైన రెండు గాట్లు పడ్డాయి, ఒకదానిలో రక్తం కూడా కనిపించింది. మా అత్తగారు పసుపు అద్దారు.

పెరట్లో గొలుసు వేసి కట్టేయమని ఆవిడ అంటారు. పెద్దదైతే అదే మానుతుందని మావారు పేపరు దించకుండా సెలవిస్తారు. ఎవరికైనా ఇచ్చేయండి అనే సలహా మాత్రం వద్దు, అమ్మాయి అన్నం మానేస్తుంది. రేపు సాయంత్రానికి పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి.

విశ్రాంత నర్సు, శ్రీకాకుళం:

అమ్మా, అల్లరి సంగతి తరవాత. ముందు ఆ రక్తం సంగతి చూడండి. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు, ఇవేవీ కుక్క గాటు మీద పెట్టకూడదు. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. నిన్న సరిగా కడగకపోతే ఇప్పుడైనా కడిగి, ఈరోజే పాపను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆ తరవాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే టీకా పనిచేయడం మొదలుపెట్టేలోగా రేబిస్‌ను అడ్డుకునే మందు, కూడా వేయాల్సి ఉంటుంది. దాన్ని అడిగి మరీ వేయించండి.

ఇంట్లో పిల్లే కదా అని మీ అత్తగారు అనవచ్చు. తోటలో పుట్టిన పిల్ల, తల్లికి టీకా పడిందో లేదో తెలియదు, దీనికి ఇంకా వేసే వయసే రాలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. నా ఉద్యోగంలో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చీపురుపల్లి మాస్టారు:

నర్సమ్మగారి మాట మొదట పాటించండి. ఇక మిరియం గురించి.

అమ్మా, అది కోపంతో కరవడం లేదు, ఆడుతోంది. ఎనిమిది వారాలైనా తల్లితో, తోబుట్టువులతో ఉంటే పంటిని ఎంత నొక్కాలో అక్కడే నేర్చుకునేది. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది, అదే దానికి పాఠం. మీ మరిదిగారు ఆ బడి మాన్పించి తెచ్చారు. ఇప్పుడు మీ ఇల్లే చెప్పాలి.

నాకు మీ ఉత్తరంలో కుక్క కంటే పట్టీలు ఎక్కువగా వినిపించాయి. ఊగే అంచు, మోగే గజ్జె, కేక, పరుగు. కుక్కపిల్లకు ఇంతకంటే పండగ ఏముంటుంది? కొన్ని నెలలు ఇంట్లో పట్టీలు తీసేయండి, సాయంత్రం పరికిణీ బదులు ప్యాంటు వేయండి. అమ్మాయికి స్టాచ్యూ ఆట తెలిసే ఉంటుంది. మిరియం దూకగానే చేతులు కట్టుకుని, అరవకుండా, దాని వైపు చూడకుండా నిలబడాలి. కదలని పాదం దానికి విసుగు. మూడేళ్ళ లోపు వాడికి ఇది చేతకాదు. వాడికీ దానికీ మధ్య గుమ్మంలో అడ్డుపలక పెట్టండి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇద్దరినీ ఒకచోట వదలకండి, అయిదు నిమిషాలకైనా సరే.

ఇంకొకటి అడుగుతాను. మంచం కింద పడుకున్నదాన్ని పిల్లలు కాలు పట్టి లాగుతున్నారా? ఈ వయసులో అది రోజుకు 18 గంటలైనా నిద్రపోవాలి. నిద్ర చాలని పిల్ల ఎక్కువ కొరుకుతుంది. మంచం కింద దాని జాగా, అక్కడికి చెయ్యి పెట్టకూడదని కచ్చితంగా చెప్పండి. బడి వదిలే వేళకు ముందే మీరో మీవారో పెరట్లో తాడు చివర గుడ్డ కట్టి ఆడించి, పెరుగన్నం పెట్టండి. పాప వచ్చేసరికి సగం జోరు తగ్గి ఉంటుంది.

చిగుళ్ళు కూడా సలుపుతాయి. 28 పాలపళ్ళు నాలుగో నెల ప్రాంతంలో ఊడడం మొదలై, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. పాత తువ్వాలు తడిపి, మెలితిప్పి, ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి ఇవ్వండి.

మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించండి. పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. జూలై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు కానీ, అందాకా ఆగకండి.

తోటపాలెం తమ్ముడు:

ఇంత కథ ఎందుకండీ? కరిచినప్పుడల్లా మూతి మీద చెప్పుతో ఒకటి వేస్తే నోరెత్తదు. మా ఇంట్లో అలాగే పెంచాం.

చీపురుపల్లి మాస్టారు:

తమ్ముడూ, నోరెత్తకపోవడమే ప్రమాదం. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది. పెద్దవాళ్ళ జోలికి రాదు, అందేది పసివాడి మొహమే.

కోటకోడలు, విజయనగరం:

ఆసుపత్రికి వెళ్ళి వచ్చాం. టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ వేశారు. పాప గాయం దగ్గర సూదికే ఏడ్చింది, టీకాకు కాదు. నర్సుగారూ, మీకు ఋణపడి ఉన్నాను.

మాస్టారూ, మీరు అడిగింది నిజమే, లాగేది పిల్లాడే. తోక పట్టుకుని. స్టాచ్యూ అమ్మాయికి వచ్చింది కానీ నవ్వు ఆపుకోలేక కదిలిపోతోంది. మిరియం కాసేపు చుట్టూ తిరిగి, పరికిణీ దొరకక, తువ్వాలు ఎత్తుకుని పోయింది. మావారు మాత్రం ఇప్పటికీ దాని నోట్లో వేళ్ళు పెట్టి కుస్తీ పడుతున్నారు. మరో ప్రశ్న, కొరకడానికి బాగుంటుందని మా అత్తగారు కోడికూరలో ఎముకలు దాచి ఉంచుతున్నారు, పెట్టవచ్చా?

చీపురుపల్లి మాస్టారు:

వద్దమ్మా. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. ఆవిడ ముచ్చట పడుతున్నారు కాబట్టి ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టమనండి. మీవారి చేతికి కూడా ఒక తాడు ఇవ్వండి.